ఇరవై రెండో గీత

భద్రాచలంలోని ఒక జూనియర్ కళాశాలలో, జంతుశాస్త్ర ప్రయోగశాల కిటికీ పక్క అరలో, ఒక గాజు సీసా ఉండేది. దాని మీది చీటీలో 'సన్యాసి పీత' అని రాసి ఉండేది. లోపలి ప్రాణి మాత్రం తొక్క తీసిన వెల్లుల్లి రెబ్బలా పాలిపోయి, తనది కాని ఒక నత్తగుల్లలోంచి సగం బయటికి వాలి, ఫార్మలిన్ నీటిలో ఏళ్ళ తరబడి కదలక ఉండేది. ఏటా విద్యార్థులు దాని బొమ్మ గీసి, కింద లక్షణాలు రాసేవారు. మొదటి లక్షణం: రంగు తెలుపు. ఉపన్యాసకుడు దాని పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాడు. పద్నాలుగేళ్ళుగా ఆ సీసాను తుడిచి, ఫార్మలిన్ తగ్గితే పోసి, తిరిగి అరలో నిలబెట్టే పని ఇన్నమ్మది.

ఇన్నమ్మ ఆ కళాశాలలో అటెండరు. గోదావరికి ఆవలి ఒడ్డున సారపాకలో కిరాయి ఇంట్లో ఉండేది. భర్త క్రీస్తుదాసు కాగితపు మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు పనివాడు. ఆమె మిషను బడిలో పదో తరగతి దాకా చదివింది. ఎక్కువ మాట్లాడేది కాదు. చేపట్టిన పనిని నడుమ విడిచేది కాదు. ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి ఊరిమీదికి వచ్చి ప్రయోగశాలను ముంచినప్పుడు, నీరు తీసిన మర్నాడే మోకాటి లోతు బురదలో దిగి, అటూ ఇటూ కొట్టుకుపోయిన సీసాల్లో పదకొండింటిని వెతికి తెచ్చింది. సన్యాసి పీత ఆ పదకొండింటిలో ఒకటి.

మరుసటి ఏడు కార్తీక మాసంలో, మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె ఆ సీసా ముందు చాలాసేపు నిలబడింది. పేరు హేమ్లా జంపక్క. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుతున్న పిల్ల.

"ఇన్నమ్మక్కా, గిది బతికున్నప్పుడు గూడ గిట్ల తెల్లగనే ఉంటదా?"

"పుస్తకంల ఏమున్నది?"

"పుస్తకంల రంగు మాటే లేదు. రికార్డుల తెలుపని రాయమన్నరు. మా వాగుల పీతలు నల్లగుంటయ్ అక్కా. సచ్చి ఎండినంకనే తెల్లబడ్తయ్. అందుకే అడుగుతున్న."

పద్నాలుగేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ సీసాను వెయ్యిసార్లు తుడిచిన తనకు కూడా తోచని ప్రశ్న. ఇన్నమ్మ ఆ సాయంత్రమే ఉపన్యాసకుడు వెంకటరామారావు దగ్గరికి వెళ్ళి అదే మాట అడిగింది. ఆయన మధిర వైపు మనిషి. మెతక మనసు, కాగితాలంటే భయం.

"నాకూ తెలియదు ఇన్నమ్మా. నేను సముద్రం చూసింది రెండే సార్లు. రెండుసార్లూ పెళ్ళివాళ్ళతో వెళ్ళాను."

"మరి పిల్లలతోని తెలుపని ఎందుకు రాపిస్తున్నరు సార్?"

"సీసాలో తెల్లగా ఉంది కాబట్టి."

"బతికినదాన్ని తెచ్చి పెడితే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇక్కడ పెడితే, ఆ తొట్టి ఎక్కడిది, ఆ కరెంటు ఎవరిది అని నేను సంజాయిషీలు రాసుకోవాలి. మీ ఇంట్లో పెట్టుకో. ఈ పిల్లల బ్యాచీకి ప్రాక్టికల్ పరీక్ష ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో. అప్పటికి నీ పీత బతికుంటే పట్టుకురా. స్పాటర్‌గా పెడతాను."

స్పాటర్ అంటే పరీక్షనాడు బల్లమీద వరుసగా పెట్టే వస్తువు. విద్యార్థి ఒక్కొక్కదాని ముందు గంట మోగేదాకా నిలబడి, చూసి, అదేమిటో రాయాలి. ఆయన ఆ మాట నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వకుండా విన్నది. జంపక్క పరీక్షనాటికి ఆ బల్లమీద బతికిన సన్యాసి పీత ఉండాలి. ఆనాటి నుంచి పదిహేను నెలలు ఇన్నమ్మకు అదే వ్రతం.

ముందుగా తొట్టి. ఖమ్మంలో రంగుచేపలు అమ్మే దుకాణం ఒకటే ఉండేది. ఉప్పునీళ్ళకు తొట్టి కావాలంటే దుకాణదారు ఆమెను ఎగాదిగా చూసి, తన దగ్గర ఎవరూ అట్లాంటిది అడగలేదని, పగిలితే తనకు సంబంధం లేదని చెప్పి, రెండడుగుల గాజుతొట్టి, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఇచ్చాడు. ఆమె దాన్ని దుప్పటిలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చింది. పాల్వంచ దాటినాక కండక్టరు దుప్పటి వైపు చూసి, "పిల్లకు టికెట్ తీసుకున్నవా అమ్మా?" అన్నాడు.

"పిల్ల ఇంక పుట్టలే," అంది ఇన్నమ్మ.

తరువాత నీరు. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి ఆ ఇంటివాళ్ళు విజయవాడ వెళ్ళడం ఆచారం. ఆ ఏడు క్రీస్తుదాసు రెండు పెద్ద ప్లాస్టిక్ క్యానులు మోయవలసి వచ్చింది.

"మొక్కు తీర్చుకోను పోతున్నవా, పీతలు పట్టను పోతున్నవా?"

"రెండూ. ఒక్క ప్రయాణమే గదా."

కొండమీద కొవ్వొత్తి వెలిగించి, దిగి, బందరు బస్సెక్కి, అక్కడినుంచి మంగినపూడి రేవుకు చేరారు. ఇన్నమ్మ సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. నదులన్నీ వచ్చి కలిసినా పొంగక, వేసవిలో ఒక్కటీ రాకున్నా ఇంకక, తన మేరను తాను నిలుపుకునే మహాగంభీరుడని సముద్రుణ్ణి పెద్దలు స్తుతించారు. ఆ స్తుతిలోని మెళకువ ఆ రోజు ఆమెకు పట్టలేదు. పట్టి ఉంటే తరువాతి కథ వేరుగా ఉండేది. ఆమె చూపంతా కాళ్ళ దగ్గరి నల్లటి తడి ఇసుక మీదనే ఉంది. అక్కడ గుల్లలు నడుస్తున్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడితే, కొంతసేపటికి లోపలి ప్రాణి కాళ్ళు చాచింది. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు కాళ్ళు. ఒక్కొక్క కాలి మీద పొడుగునా గీసినట్టు నీలం చార. నారింజ రంగు మీసాలు.

తెలుపు ఎక్కడా లేదు.

వల బాగుచేసుకుంటున్న ఒక పడవ మనిషి ఆమెను చూసి జాలిపడ్డాడు. "అయ్యి తినరమ్మా. గుల్ల బరువే గాని లోపలేమీ ఉండదు."

"తిననీకి కాదన్నా. చూడనీకి."

"చూడ్డానికా? మా ఇంటికి రండి. రోజూ కాళ్ళకడ్డం పడుతుంటాయి."

ఏడు పీతలు, రెండు క్యానుల సముద్రపు నీరు, ఒక సంచెడు ఇసుక, నాచు పట్టిన నాలుగు రాళ్ళు సారపాక చేరాయి. మార్చి నెలంతా ఆ ఇంట్లో పండుగలాగే గడిచింది. పీతలు ఎండురొయ్యల పొడి తిన్నాయి, రాళ్ళెక్కాయి, ఒకదానితో ఒకటి కలహించాయి. మిల్లు పనివాళ్ళు క్రీస్తుదాసును కలిసినప్పుడల్లా పిల్లలు బాగున్నారా అని అడిగేవారు. ఇన్నమ్మ నీలం చారల సంగతి జంపక్కతో చెప్పింది.

"చెప్తే చాలదక్కా. నేను సూడాలె."

"ప్రాక్టికల్స్ నాడు సూస్తవ్."

ఏప్రిల్‌లో హాస్టలు మూసి పిల్లలు ఊళ్ళకు పోయారు. అప్పుడే ఎండలు ముదిరాయి. ఆ సీమలో వేసవి ఎట్లాంటిదో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తొట్టిలో నీరు వారానికి నాలుగు వేళ్ళు తగ్గేది. తగ్గిన మేరకు ఇన్నమ్మ నీళ్ళు కాచి, రాతి ఉప్పు కరిగించి, చల్లార్చి పోసేది. అందులో ఆమెకు సందేహమే కలగలేదు. ఏటా జాడీలో నిమ్మకాయ ఊరవేసినప్పుడు ఊట తగ్గితే చేసే పని అదే; తల్లి నేర్పింది, తల్లికి ఆమె తల్లి నేర్పింది. ఉప్పునీరు తగ్గితే ఉప్పునీరే పోయాలి. తప్పు ఎక్కడుందని అనుమానించడానికి ఆమె ఎరిగిన ఏ వంటింట్లోనూ కారణం కనబడదు.

నెలాఖరుకు మొదటి పీత గుల్ల విడిచి బయటికి వచ్చి, మెత్తని ఒంటితో ఇసుక మీద పడి చనిపోయింది. తరువాత ఐదు రోజులకొకటి. మే చివరికి ఏడూ పోయాయి. చివరి రెండింటిని ఆమె కళాశాలకు తీసుకువెళ్ళి కొత్త సీసాలో ఫార్మలిన్ పోసి ఉంచింది. పది రోజులకు నీలం చారలు మాసిపోయాయి. పదిహేనో రోజుకు రెండూ తెల్లబడ్డాయి.

జూలైలో కళాశాల తెరిచినాక జంపక్క కొత్త సీసాను చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏమైనా అని ఉంటే ఇన్నమ్మకు కొంత తేలికగా ఉండేది.

పక్కింటి బుల్లెమ్మ ఆ ఆదివారం పాలు పోయడానికి వచ్చింది. ఆమె అత్తింటివాళ్ళు కృష్ణాజిల్లా తీరం నుంచి పాతికేళ్ళ కిందట వచ్చి ఇక్కడ పొలం కొనుక్కున్నవారు. నాలుగు గేదెలు, పెద్ద గొంతు. తొట్టిలో పీతలు లేవు గాని నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

"అన్నీ పోయాక ఇంకా ఈ నీళ్ళెందుకే?"

"పారబోయ బుద్ధి అయితలేదు అత్తా."

బుల్లెమ్మ తొట్టి అంచున తెల్లగా పేరుకున్న పెచ్చును గోటితో గీరి, నాలుక మీద వేసుకుని, వెంటనే బయటికి పోయి ఉమ్మింది. "ఇందులో ఏం పోశావే? మా పుట్టింటికి కూతవేటు సముద్రం. ఇంత ఉప్పగా ఉండదు."

"తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళు పోసిన. ఊరగాయకు పోసినట్టే."

"కోవా ఎట్లా అవుతుందో తెలుసా నీకు?"

"పాలు కాస్తే అయితది."

"కాస్తే పోయేదేంటి? నీళ్ళు. మిగతాదంతా మూకుట్లోనే ఉండి చిక్కబడుద్ది. ఎండకు ఎగిరిపోయింది ఉత్త నీళ్ళేనే పిల్లా, ఉప్పు ఎక్కడికీ పోలేదు. నువ్వు దానికి మళ్ళీ ఉప్పు పోశావు. మూడు నెలలు కూర్చుని ఉప్పు కోవా కాచావు."

ఆమె ఇంటికి పోయి ఒక గాజు గొట్టం తెచ్చింది. అడుగున బుడ్డి, పైన సన్నని కాడ, కాడలో అంకెల గీతలు. లాక్టోమీటరు. పాలలో వదిలితే, పాలు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, నీళ్ళు కలిస్తే మునుగుతుంది. పాలకేంద్రం గుమాస్తా ఒకసారి ఆమె పాలలో నీళ్ళున్నాయని అందరిముందు అన్నందుకు, ఆమె పౌరుషానికి పోయి ఖమ్మం నుంచి సొంతంగా తెప్పించుకున్నది. అప్పటినుంచి కేంద్రానికి పోయి, గుమాస్తా ముంచకముందే అంకె తానే కేకవేసి చెప్పేది.

తొట్టి నీటిలో వదిలితే ఆ గొట్టం నిలువునా తేలింది. కాడ మీద చివరి గీత నలభై. అది కూడా నీళ్ళకు పైనే ఉంది.

"నన్ను దొంగను చేస్తే కొన్నా దీన్ని. ఇవాళ నిన్ను పట్టిచ్చింది," అంది బుల్లెమ్మ.

ఇన్నమ్మ చాలాసేపు ఆ కాడనే చూసింది. సముద్రుడు తన మేరను తానే నిలుపుకోగలడు. రెండడుగుల గాజుతొట్టికి ఆ శక్తి లేదు. దాని మేరను ఒక మనిషి దినదినమూ కూర్చుని నిలపాలి.

"అత్తా, దీన్ని నాకు దసరా దాక ఇస్తవా?"

"పగలగొడితే?"

"పగలదు."

దసరా సెలవుల్లో రెండో ప్రయాణం జరిగింది. క్రీస్తుదాసు ఈసారి వేళాకోళం చేయలేదు. క్యానులు తానే కడిగి పెట్టాడు. రేవులో ఇన్నమ్మ నడుములోతు దిగి, అలల వెనక నీరు నింపి, ఒడ్డున కూర్చుని లాక్టోమీటరు వదిలింది. అది అటూ ఇటూ ఊగి, ఇరవై రెండో గీత దగ్గర నిలిచింది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అక్కడే. ఆ గీతకు ఎర్రదారం కట్టి ముడి వేసింది. దేవదానవులు పాలకడలిని మందరగిరితో చిలికారని విన్నాం. ఉప్పుకడలిని పాలగొట్టంతో కొలిచిన ఘనత మాత్రం సారపాక ఇన్నమ్మదే.

ఈసారి నాలుగు పీతలనే ఏరుకుంది. "ఏడింటిని చంపిన. ఎక్కువ అడిగే ముఖం లేదు," అంది భర్తతో.

నాలుగింటిలో రెండు ప్రయాణపు బడలికకే పోయాయి. ఒకటి క్రిస్మస్‌కు ముందు పోయింది. మిగిలింది ఒక్కటి, అన్నిటికన్నా పెద్దది. ఇక పరీక్షబల్ల దాకా పోవలసింది అదే.

తొట్టి గోడ మీద నీటి మట్టానికి గీత పెట్టి, తగ్గినంతా వడగట్టిన గోదావరి నీటితోనే నింపేది. ఉప్పు ఒక్క పలుకు కలపలేదు. దసరా దాటినా బుల్లెమ్మ తిరిగి అడగని లాక్టోమీటరును ప్రతి ఉదయం వదిలి, ఎర్రదారం నీటి అంచును తాకేదాకా చూసేది. కరెంటు పోతే గాలి మోటారు ఆగిపోతుంది. ఆగితే పీతకు ఊపిరాడదు. అందుకని చెంబుతో తొట్టిలోని నీళ్ళు ముంచి, మూరెడు ఎత్తునుంచి తిరిగి అందులోనే పోయడం అలవాటు చేసుకుంది. ఎంతసేపు పోయాలో లెక్క కోసం జపమాల పట్టుకునేది, పూసకొక చెంబు. మాల పూర్తయ్యేసరికి సాధారణంగా కరెంటు వచ్చేది. రాకపోతే రెండో మాల.

ఆమె కళాశాలలో ఉండే వేళ కరెంటు పోతే? ఆ పని బుల్లెమ్మ మీద పడింది.

"నాకు మీ పూసల లెక్క రాదే."

"నీకు వచ్చిన లెక్కే పెట్టుకో అత్తా."

బుల్లెమ్మ చెంబుకొక రామనామం చొప్పున పోసేది. నూట ఎనిమిది. మరియమ్మ పేరుతో పొద్దున, రామయ్య పేరుతో మధ్యాహ్నం ఎత్తి పోసిన ఆ నీటిలో పీత సంక్రాంతి దాటి బతికింది. అర్పించే చేయి శుద్ధమైతే నీరు ఏ నామాన్నైనా మోస్తుందని నమ్మేవారికి ఇందులో వింత కనబడదు.

జనవరి చివర ఒక ఉదయం క్రీస్తుదాసు తొట్టి ముందు నిలబడి మెల్లగా పిలిచాడు. "ఇన్నమ్మా. పోయింది."

ఇసుక మీద పీత ఒళ్ళంతా, కాళ్ళు మీసాలతో సహా, పడి ఉంది. ఆమె చెంచాతో దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టింది. లోపల ఏమీ లేదు. వెలుతురు ఇటునుంచి అటు కనబడింది.

"గిది అంగీ. మనిషి లోపలున్నడు," అంది, రాతి చాటున ముడుచుకున్న గుల్లను చూపిస్తూ.

పీత పాత చర్మం విడిచింది; విడిచి, పెరిగింది. పెరగడంతో మరో ఆపద వచ్చింది. మూడో నాటికి దాని ఒళ్ళు పాత గుల్లలో పట్టలేదు. సగం బయటే ఉంచుకుని తిరగసాగింది. చచ్చిన పీతల గుల్లలు అంతకన్నా చిన్నవి. ఒక్కొక్కదాన్నే పట్టుకుని, డొల్లలో కాలు పెట్టి చూసి, వదిలేసేది. తిండి మానేసింది.

వెంకటరామారావు ఇంగ్లీషు పుస్తకం తెరిచి చదివి చెప్పాడు. "గుల్ల చాలకపోతే పెద్ద గుల్ల వెతుక్కుంటుందట."

"దొరక్కపోతే ఏమైతది సార్?"

ఆయన పేజీ తిప్పి చూశాడు. "రాయలేదు."

ఇన్నమ్మ పొలాల గట్లమీద తిరిగి పెద్ద నత్తగుల్లలు ఏరుకొచ్చింది. పీత ఒకదానిలో దూరింది. కాగితంలా పలచనైన ఆ గుల్ల అంచు దాని కాళ్ళకిందే పొడి అయింది. ఒక్క పూట ఉండి బయటికి వచ్చింది. సముద్రం దాకా మళ్ళీ పోదామంటే, ప్రయోగశాలను పరీక్షకు సిద్ధం చేయవలసింది తానే, సెలవు లేదు. క్రీస్తుదాసుకు అది వెదురు లారీలు వరుసకట్టే కాలం. ఒక్కరోజు మానితే మేస్త్రి మరొకరిని పెట్టుకుంటాడు. పరీక్షకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. గోదావరికి ఈవల ఆ పీతకు సరిపడే గుల్ల ఎక్కడా లేదని ఆమె అనుకుంది.

బుల్లెమ్మ రెండు రోజులు చెంబు ఎత్తిపోస్తూ, గుల్ల ఈడ్చుకుంటూ తిరిగే ఆ ప్రాణిని చూసింది. మూడోరోజు స్నానం చేసి, తడి చీరతోనే, పాత పట్టుగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి ఇన్నమ్మ చేతిలో పెట్టింది.

విప్పితే చిన్న శంఖం. ఊదేది కాదు, సాలగ్రామానికి అభిషేకం చేసేది. కోడిగుడ్డు కన్నా కొంచెం పెద్దది. పాత గంధం గీతల్లో ఎండి ఉంది. ఒక పక్క అంచు విరిగింది.

ఇన్నమ్మ దాన్ని వెంటనే తిరిగి చుట్టింది. "వద్దత్తా. మీ దేవుడిది."

"మా మామగారిది. ఊరు వదిలినప్పుడు వెంట తెచ్చుకున్నాడు. వరదలో పెట్టె కింద పడి అంచు పోయింది. విరిగింది పూజకు పనికిరాదు, పారే నీళ్ళలో విడిచిపెట్టాలి. రెండేళ్ళుగా మా ఆయన చెబుతూనే ఉన్నాడు, గోదాట్లో వదిలి రావే అని."

"మరెందుకు వదల్లే?"

బుల్లెమ్మ తడి కొంగు పిండుకుంది. "ఆ వరదలో రెండు గేదెలు పోయాయి నాకు. ఇంట్లో గింజ మిగల్లేదు. గోదారి అడక్కుండానే అంత తీసుకుంది. దీన్ని చేతులారా ఇవ్వబుద్ధి కాలేదు."

"నాకిస్తే మీ ఆయన ఏమంటడు?"

"నీళ్ళల్లో వదిలానంటాను. అబద్ధమా?" ఆమె తొట్టి వైపు చెయ్యి చాచింది. "సముద్రంలో పుట్టింది, సముద్రంలోకే పోవాలి. నువ్వు రోజూ గీత చూస్తున్నావుగా. ఎర్రదారం కలిసిందా లేదా?"

"కలిసింది."

"అయితే ఇది సముద్రమే. పట్టు."

ఇన్నమ్మ శంఖాన్ని గోదావరి నీటిలో నానబెట్టి, గంధమంతా పోయేదాకా మెత్తని కుంచెతో రుద్దింది. తొట్టిలో తన చేత్తో వేయలేదు. "నీది. నువ్వే విడువు," అంది. బుల్లెమ్మ కళ్ళకద్దుకుని, నీటి అంచుదాకా దించి, వేళ్ళు వదిలింది. శంఖం బుడగలు వదులుతూ ఇసుక మీద ఒరిగింది.

పీత ఆ రోజంతా దాని చుట్టూ తిరిగింది. పైకెక్కింది. విరిగిన అంచును కాళ్ళతో పదేపదే తడిమింది. లోపలి ఇసుకను తోడి పోసింది. మర్నాడు ఇన్నమ్మ కళాశాలకు పోక తప్పలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం ఆమె వచ్చేసరికి బుల్లెమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"అరవై మూడో చెంబు పోస్తున్నానే. పాత గుల్లలోంచి బయటికొచ్చింది. ఒళ్ళంతా మెత్తగా, అప్పుడే పుట్టిన పిల్లలాగ. రెప్ప వేసేలోగా శంఖంలో ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "మిగతా నలభై ఐదూ పోశాను గాని, నోట మాట రాలేదు. రామయ్య లెక్క వేసుకుంటాడులే."

పరీక్షనాడు ఇన్నమ్మ పీతను బుల్లెమ్మ పాలక్యానులో పెట్టుకుని వంతెన దాటింది. ప్రయోగశాలలో వెడల్పాటి గాజు పాత్రలోకి దించి, నాలుగో అంకె చీటీ ముందు ఉంచింది. బస్సు కుదుపులకు బెదిరిన పీత శంఖంలోకి ముడుచుకుపోయింది. వేరే ఊరినుంచి వచ్చిన పరీక్షాధికారి వంగి చూశాడు.

"సన్యాసి పీత అన్నారు. నాకు శంఖమే కనిపిస్తోంది."

"లోపలున్నది సార్. బతికున్నది," అంది ఇన్నమ్మ.

వెంకటరామారావు ఆమెను పక్కకు పిలిచాడు. "పాత సీసా పెట్టేద్దాం ఇన్నమ్మా. పిల్లలు నష్టపోతారు."

"ఒక్క బ్యాచీ ఆగండి సార్."

మొదటి బ్యాచీ వచ్చింది. గంట మోగినప్పుడల్లా ఒక్కొక్కరు నాలుగో అంకె ముందుకు వచ్చి, శంఖం చూసి, గుర్తుపట్టి, సీసా నుంచి కంఠస్థం చేసినదంతా రాసుకుని ముందుకు జరిగారు. పీత బయటికి రాలేదు. రావలసిన అవసరం కూడా వాళ్ళకు కలగలేదు; అందరూ తెలుపు అనే రాశారు.

ఇన్నమ్మ తలుపు దగ్గర, అటెండరు నిలబడవలసిన చోట నిలబడి, పాత్రనే చూస్తోంది. ఇంట్లో అది ఎప్పుడు బయటికి వస్తుంది? నీడగా ఉన్నప్పుడు, ఎవరూ కదలనప్పుడు. ఇక్కడ కిటికీలోంచి పదకొండు గంటల ఎండ సూటిగా నీటిమీద పడుతోంది. ఆమె నడిచి వెళ్ళి కిటికీకి వీపు ఆనించి నిలబడింది. ఆమె నీడ పాత్రను కప్పింది.

పరీక్షాధికారి తలెత్తాడు. "ఆమె అక్కడెందుకు నిలబడింది?"

ఇన్నమ్మ కదలలేదు.

"ఎండ పడకుండా సార్," అన్నాడు వెంకటరామారావు. ఒక్కక్షణం ఆగి, "నేనే నిలబడమన్నాను," అన్నాడు.

రెండో బ్యాచీలో జంపక్క. మూడో వస్తువు ముగించుకుని నాలుగోదాని ముందుకు వచ్చింది. కలం విప్పలేదు. చేతులు కట్టుకుని, వాగు ఒడ్డున రాతిసందు ముందు నిలబడే అలవాటున్న మనిషి నిలబడినట్టు, నిలబడింది. నిమిషం గడిచింది. విరిగిన అంచు పక్కనుంచి ఒక నారింజ మీసం బయటికి వచ్చింది. తరువాత రెండోది. తరువాత నీలం చారల కాళ్ళు ఒకటొకటిగా వచ్చి ఇసుకను తాకాయి. శంఖం లేచి, నడిచింది.

జంపక్క అప్పుడు కలం విప్పి, గంట మోగేదాకా రాసింది.

పరీక్షాధికారి కాగితాలు దిద్దేటప్పుడు ఆమెది రెండుసార్లు చదివి, ఆమెను పిలిచాడు. "అందరూ తెలుపు అన్నారు. నువ్వు ఇదేమిటి రాశావు?"

"తెలుపు ఎక్కడా లేదు సార్."

ఆయన కుర్చీలోంచి లేచి, నాలుగో అంకె దగ్గరికి వెళ్ళి, ఇన్నమ్మ నీడలో వంగి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి ఎర్రసిరా కలంతో టిక్కు పెట్టాడు. పెట్టినాక, మొదటి బ్యాచీ కాగితాలు బయటికి తీసి, ఒక్కొక్కదానిలో మొదటి లక్షణాన్ని కొట్టేయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బుల్లెమ్మ పాలక్యాను కోసం వచ్చినప్పుడు పీత తొట్టిలో తన చోటికి చేరింది.

"ఏమన్నారే?"

"టిక్కు పెట్టిండ్రు."

"అది సరే. విరిగిందని ఎవరూ అనలేదా?"

"జంపక్క రాసింది." కాగితాలు కట్ట కట్టేటప్పుడు చదివిన ఆ వాక్యాలను ఇన్నమ్మ ఒప్పజెప్పింది, దారిపొడవునా అవే మననం చేసుకుంటూ వచ్చింది. "'ఈ జీవి శంఖంలో నివసించుచున్నది. శంఖము అంచు ఒక వైపు విరిగి ఉన్నది. జీవి ఆ వైపు నుండియే బయటికి వచ్చుచున్నది.'"

బుల్లెమ్మ తొట్టి ముందు కూర్చుంది. తరువాత లాక్టోమీటరు నీటిలో వదిలి, ఊగడం ఆగేదాకా చూసి, ఎర్రదారం నీటికి వెంట్రుకవాసి పైన నిలవడం గమనించింది.

"ఎండ మొదలైంది. ఒక చెంబు పట్రా," అంది. "ఉత్త నీళ్ళే."